పోలి అడిగిన నీళ్లు

ఆ ఎండాకాలం కొండవాగు ఎండిపోయి, ఇసుకలో రెండే చెలమలు మిగిలాయి. ఎగువ చెలమలో నీళ్లు తేటగా ఉండేవి. అడవి అడవంతా అక్కడే తాగేది. దిగువనున్న బురద చెలమ ఒక్క పోలికి.

పోలి ముసలి రాబందు. చచ్చినదాన్ని ముట్టే ముక్కు తేట నీళ్లలో పెట్టకూడదని కట్టుబాటు చేసింది నక్క. తనవాళ్లంతా ఎటో ఎగిరిపోయాక పోలిని పలకరించే ప్రాణి లేదు. రోజుల తరబడి తన రెక్కల చప్పుడే తను వింటూ బతికేది.

ఒకనాడు ఎగువ చెలమ గట్టున దుప్పి చచ్చి పడింది. కంపుకి ఎవరూ నీళ్ల దగ్గరికి పోలేకపోయారు. నక్క పోలిని వెతుక్కుంటూ వచ్చి పది బారల దూరంలో ఆగింది.

"పోలమ్మ వదినా, ఇక నువ్వే దిక్కు."

వదిన అన్న మాటకి పోలి రెండడుగులు ముందుకొచ్చింది. "మీ పక్కన నిలబడి నన్నూ నీళ్లు తాగనిస్తారా?"

"అదెంత మాట" అంది నక్క.

రెండు రోజులు ఒంటరిగా తంటాలు పడి పోలి గట్టంతా శుభ్రం చేసింది. ఆపైన ఆశగా ఎగువకి నడిచింది. నక్క అడ్డం నిలిచింది.

"మాటిచ్చాను, కాదనను. కానీ ఇప్పుడే కదా పీనుగును ముట్టావు."

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. పోలి మిగతావాళ్ల వైపు చూసింది. జింకలు తలలు ఎత్తలేదు. కుందేలు చెవి గోక్కుంటూ కూర్చుంది. పోలి వెనుదిరిగి కొండెక్కింది.

వారం తిరక్కుండా అదే గట్టున అడవిపంది చచ్చింది. కబురు మీద కబురు వెళ్లినా పోలి దిగి రాలేదు. మాట తప్పింది నక్క కాబట్టి నక్కే ఈడ్చాలని అందరూ పట్టుబట్టారు. పంది తోక నోట కరుచుకుని పొద్దంతా ఈడ్చి, నాలుక పిడచగట్టి నక్క చెలమ దగ్గరికి వచ్చింది.

"ఆగు మామా" అంది కుందేలు. "ఆ నోటితోనేనా? కట్టుబాటు నువ్వు పెట్టిందే కదా."

నక్క దిగువకి పోయి బురద నాకింది.

మర్నాడు పోలి తనంతట తనే ఎగువ చెలమకి వచ్చింది. ఈసారి పీనుగు పడితే ఈడ్చేదెవరన్న భయంతో ఎవరూ అడ్డు చెప్పలేదు. చెప్పలేదు గానీ, పోలి ముక్కు వంచగానే ఒక్కొక్కరే నాలుగడుగులు జరిగి, ఏదో పనున్నట్టు వెళ్లిపోయారు. తేట నీళ్లలో కనబడింది ఒక్క తన ముఖమే. పోలి కడుపు నిండా తాగింది.

అంటు గీత గీసినవాడు ఏదో ఒకనాడు దాని అవతలే పడతాడు. ఆ గీత చెరిగేదాకా మాత్రం ఎవరికీ తోడు దొరకదు.