బతికున్నాయన పేరు మీద పళ్ళెం

అనగనగా అంటే ఊఁ కొట్టాలి మరి. కొట్టావా? ఆఁ, సరే. అనగనగా ఒక ఊళ్ళో, మనూళ్ళో కాదులే, సముద్రాలన్నీ దాటాక ఇంగ్లండులో, ఆల్డర్‌బెక్ అని ఒక లోయ. ఆ లోయలో ఏటి ఒడ్డున ఇంత పెద్ద రాతి మఠం. దాన్నిండా సన్నాసులు. పెళ్ళిళ్ళు లేవు, పేరంటాలు లేవు. గొర్రెల్ని పెంచుకోవడం, దేవుడికి పాడుకోవడం. అంతే.

ఆ మఠంలో వంట చేసే సామి పేరు ఆస్మండ్. బొద్దుగా ఉంటాడు, నోరు ఒక్క క్షణం ఊరుకోదు. పాపం, ఆయనకొచ్చిన కష్టమేంటో తెలుసా? అక్కడ భోజనాల దగ్గర నోరు విప్పకూడదు! ఏం కావాలన్నా చేతుల్తోనే అడగాలి. రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి గుండ్రంగా పెడితే రొట్టె. చెయ్యి తోకలా ఊపితే చేప. చిటికెనవేలు చీకితే పాలు. నువ్వు చీకకు, ఇందాకే వేలికి వేపాకు రాశాను.

అక్కడ ఇంకో ఆచారం ఉంది. సామి ఎవరైనా పోతే, నెలపాటు ఆయన చోట పళ్ళెం పెట్టి వడ్డిస్తారు. మనం తద్దినం నాడు కాకికి పెట్టమూ, అలాగ. కాకపోతే అక్కడ కాకికి కాదు, గుమ్మం దగ్గరికొచ్చిన లేనివాళ్ళకి. తిన్నవాళ్ళు ఊరికే పోకూడదు. పోయినాయన ఆత్మ చల్లగా ఉండాలని మొక్కాలి. తిండికీ మొక్కుకీ చెల్లు.

ఒక ఏడు పంట పోయింది. ఆ తర్వాత మంచు పడింది, మోకాళ్ళ దాకా. మఠం గొర్రెలు కాసే మనిషి ఆ మంచులో చిక్కుకుని పోయాడు. అతని పెళ్ళాం సిసిలీ. చంకలో చంటిపిల్ల, జోన్.

సిసిలీ మఠం గుమ్మం దగ్గరికి పని అడగడానికొచ్చింది. ఆస్మండ్ రొట్టె తెచ్చిచ్చాడు. ఆవిడ ముట్టుకోలేదు.

"ముష్టెత్తుకోడానికి రాలేదు నేను. పనుంటే చెప్పు, లేదంటే పోతా."

అబ్బో, ఏం పొగరనుకున్నావ్! అప్పుడు చంకలో పిల్ల ఆకలికి చిటికెనవేలు నోట్లో పెట్టుకుని చీకింది. ఆస్మండ్‌కి చేతి భాష అలవాటు కదా, "ఓహో, పాలా తల్లీ!" అంటూ లోపలికి పరిగెత్తాడు. గిన్నె తెచ్చి పిల్లకి పట్టాడు. "నీకు కాదులే, అడిగినవాళ్ళకి ఇస్తున్నా" అన్నాడు సిసిలీతో. ఆవిడ మూతి ముడుచుకుంది.

ఆ వారమే ఒక ముసలి సామి పోయాడు. సిసిలీ మళ్ళీ పని అడగడానికొస్తే, ఆస్మండ్ ఆయన పళ్ళెం పట్టుకొచ్చాడు.

"ఇది ముష్టి కాదమ్మా, పని. తిని, ఆయన కోసం మొక్కాలి."

పని అన్నాక సిసిలీ తింది. మోకాళ్ళ మీద కూర్చుని గట్టిగా మొక్కింది. రోజూ వచ్చింది. జోన్ బుగ్గల్లోకి కాస్త రంగొచ్చింది.

ఆ తర్వాత నెల తిరిగిపోయింది. మఠం గాదెలు చూస్తే అడుగు కనిపిస్తోంది. మఠానికి పెద్దసామి ఒకాయన ఉన్నాడులే, ఆయన అందర్నీ పిలిచి చెప్పాడు. "గుమ్మం దగ్గర పంచడం ఆపండి. పోయినవాళ్ళ పళ్ళెం ఒక్కటే వెళ్ళాలి."

పోయినవాళ్ళు ఎవరున్నారు? అందరూ దుక్కల్లా ఉన్నారు! ఆస్మండ్‌కి పొయ్యి ముందు కూర్చున్నా అదే ఆలోచన. రేపు పళ్ళెం లేకపోతే ఆ పొగరుబోతు రాదు. రాకపోతే ఆ పిల్ల?

మర్నాడు భోజనాల వేళకి ఖాళీ చోట మళ్ళీ పళ్ళెం ఉంది. పెద్దసామి కనుబొమ్మలెగరేసి, ఎవరిదని చేత్తో అడిగాడు. ఆస్మండ్ తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు. ఆ తర్వాత తల వాల్చి, కళ్ళు మూసి, నాలుక బయట పెట్టాడు. సాములందరికీ తాగుతున్న జావ పొలమారింది.

బయటికొచ్చాక పెద్దసామి పట్టుకున్నాడు. "ఏంటీ కోతి వేషాలు?"

"నేను పోయాను సామీ. నా వంతు నేను తినట్లేదుగా. చచ్చినోడికి ఆకలేంటి?"

పెద్దసామి ఆయన బొజ్జకేసి చూశాడు, మొహంలోకి చూశాడు. సరే కానీమన్నట్టు చెయ్యూపి వెళ్ళిపోయాడు.

గుమ్మం దగ్గర సిసిలీ అడిగింది, "ఈసారి ఎవరు పోయారు?"

"ఆస్మండ్ అని, ఒక వంటాయన. బంగారంలాంటి మనిషిలే. అందగాడు కూడాను."

పాపం, ఆవిడకి ఈయన పేరు తెలీదు కదా. కళ్ళనీళ్ళు పెట్టుకుని మొక్కింది. ఈయనేమో వంతు వదిలేసి, గిన్నెలు నాక్కుని బతికాడు. బొజ్జ పోయింది. మొలతాడు రెండు చుట్లు తిరిగింది.

అలా ఉండగా ఒకరోజు లోపల్నుంచి ఎవరో కేకేశారు, "ఆస్మండ్! జావ మాడిపోతోంది!"

ఈయన ఠక్కున తిరిగాడు. సిసిలీ నడుం మీద చెయ్యేసుకుంది.

"నువ్వా! బతికే ఉన్నావా? ఇన్నాళ్ళూ నీ ఆత్మశాంతికి మోకాళ్ళు అరిగేలా మొక్కానే!"

"శాంతిగానే ఉందమ్మా. చాలా బాగా మొక్కావు."

"పోయినోడివి జావ ఎలా కాస్తున్నావయ్యా?"

"అలవాటు మీద."

సిసిలీ కోపంగా నోరు తెరిచింది. తిట్టు రాలేదు, నవ్వొచ్చింది. మొగుడు పోయాక అదే మొదటి నవ్వు.

ఆ పై నెల వాకిలి కాసే సామి 'పోయాడు'. ఆ తర్వాత నెల, నమ్ముతావా, పెద్దసామే 'పోయాడు'! అప్పటికి మంచు కరిగింది. సిసిలీకి మఠంలోనే ఉన్ని వడికే పని దొరికింది. జోన్ నడక నేర్చింది, ఆస్మండ్ వెనకాలే తిరిగి చేతి భాషంతా నేర్చేసుకుంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు గడిచాయి. ఆ దేశపు రాజుకి మఠాల ఆస్తి మీద కన్ను పడింది. మఠాలన్నీ మూసెయ్యమన్నాడు. బళ్ళేసుకుని మనుషులొచ్చారు. ముందు కిటికీల రంగుటద్దాలు ఊడదీశారు. అప్పుడు పైకప్పు మీద సీసం రేకులు పీకారు. సాములు కూర్చుని పాడుకునే బల్లలు విరగ్గొట్టి, ఆ మంట మీదే సీసం కరిగించారు. ఆఖరికి గంట దింపి ముక్కలు చేశారు.

వయసులో ఉన్న సాములు తలోదారీ పట్టారు. పెద్దసామి అప్పటికే పోయాడు, ఈసారి నిజంగానే. ముసలి ఆస్మండ్ ఒక్కడూ వంటింట్లో మిగిలాడు. కప్పు లేదు. మంచు తిన్నగా కుండలోనే పడుతోంది. ఊళ్ళోవాళ్ళు కూడా రాళ్ళు ఊడదీసి ఇళ్ళకి పట్టుకుపోయారు. ఏం చేస్తారు, పడుంటే ఎవరికి లాభం?

అప్పుడు ఆస్మండ్ కర్ర పట్టుకుని ఊళ్ళోకి నడిచాడు. ఒక తలుపు దాటాడు. ఇంకోటి దాటాడు. ఇన్నేళ్ళూ పెట్టిన చెయ్యి కదా, చాపడం రాలేదు. మూడో ఇంటి ముందు ఆగాడు. మెట్టు చూస్తే నడిమధ్యన గుంటపడి ఉంది. అది తన వంటింటి గడపరాయే! తన కాళ్ళే దాన్ని అరగదీశాయి. దాని మీద నిలబడ్డాడు. పాదాలు సరిగ్గా ఇమిడాయి.

తలుపు తీసింది ఎవరనుకున్నావ్? జోన్. వెనకాల సిసిలీ, తల నెరిసిపోయి.

ఎప్పుడూ ఊరుకోని ఆస్మండ్ నోరు అడగలేదు గానీ చేతులు వాటంతటవే లేచి, వేళ్ళు కలిపి గుండ్రంగా చూపించాయి. జోన్‌కి చెప్పాలా? లోపలికి పరిగెత్తి రొట్టె తెచ్చింది.

ఆస్మండ్‌కి సిగ్గేసింది. చేతులు వెనక్కి దాచుకున్నాడు. "వద్దు తల్లీ. ముష్టెత్తుకోడానికి రాలేదు."

"ముష్టి ఎవరు పెడుతున్నారు?" అంది సిసిలీ. "ఇది పోయినవాళ్ళ పళ్ళెం. తిని మొక్కాలి."

"ఎవరు పోయారు?"

"నేను."

ఆస్మండ్ ఆవిడకేసి చూశాడు. "మరి రొట్టె ఎవరు కాల్చారు?"

"నేనే కాల్చా. అలవాటు మీద."

అప్పుడు తిన్నాడమ్మా. తిని, ఆ మెట్టు మీదే మోకాళ్ళేసి సిసిలీ కోసం మొక్కాడు. ఆ పై నెల జోన్ 'పోయింది'. ఆ తర్వాత జోన్ మొగుడు 'పోయాడు'. ఆ తర్వాత ఇంట్లో పిల్లి కూడా 'పోయింది'! అందరూ సుబ్బరంగానే ఉన్నారు, ఆస్మండ్ కడుపూ నిండుతోంది.

మఠానికి ఇప్పుడు గోడలే మిగిలాయట. గోడల మధ్య గడ్డి, గడ్డిలో గొర్రెలు. ఆ మెట్టు మీద మాత్రం, ఇంట్లో ఎవరు పోయినా, నెలపాటు పళ్ళెం పెట్టేవారట.

కప్పు పోయింది, గంట పోయింది,
పళ్ళెం మాత్రం ఉండిపోయింది.
కథేమో కంచికెళ్ళిపోయింది,
బుజ్జిదేమో నిద్దరోయింది.