మూడువందల జాతకాలూ ఒక పీటా

అనగనగా ఒక కాలం. మరీ రాజుల కాలం కాదు. బల్లులు ఇంకా మాటలు మానని కాలం, కంప్యూటర్లు అప్పుడప్పుడే మొరాయించడం నేర్చుకున్న కాలం.

చెప్పేవాడిగా నా సంగతి ముందే ఒప్పేసుకుంటాను. నా చదువు నాకు నేనే చెప్పుకున్నాను. గురువూ అంతంతమాత్రం, శిష్యుడూ అంతంతమాత్రం. అందుకని ఈ కథలో ఎవరైనా తెలివితక్కువ పని చేస్తే, అది నేనూ ఒకసారి చేసి చూసిందే అనుకోండి.

అగరుపాడు అనే ఊళ్ళో ముక్తేశ్వర సిద్ధాంతిగారు ఉండేవారు. జాతకాలు వేయడంలో ఆ చుట్టుపక్కల ఆయనకు సాటి లేరు. వెనకటి రోజుల్లో కాగితం మీద గళ్ళు గీసి వేసేవారు. చూపు మందగించాక ఇంట్లోకి ఒక కంప్యూటరు తెచ్చుకున్నారు. పుట్టిన రోజు, వేళ, ఊరు చెబితే చాలు. రెప్పపాటులో పన్నెండు గళ్ళు గీసి, తొమ్మిది గ్రహాలనూ వాటి వాటి చోట్ల కూర్చోబెట్టేది.

రానురాను ఆ రెప్పపాటు పెరిగింది. ముందు తాంబూలం నమిలేంత సేపయింది. తర్వాత స్నానం చేసి వచ్చేంత సేపయింది. ఇప్పుడు, వచ్చినవాళ్ళు అరుగు మీద కునుకు తీసి లేచినా, అది గురుడి దగ్గరే ఆగి ఉంటోంది. జనం ఒక్కొక్కరే పక్క ఊరి దారి పట్టారు.

సిద్ధాంతిగారి భార్య కనకవల్లమ్మ. పోయిన వానాకాలం వంటింటి పెంకులు పగిలిపోతే, ఆవిడ ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో గరిటె పట్టుకుని నెట్టుకొచ్చింది. ఈసారి మృగశిర కార్తెకు ముందే కప్పు నేయించాలని ఇద్దరూ ఏడాదంతా కూడబెట్టారు. కార్తె ఇంకో పది రోజుల్లో ఉంది. ఆ సంగతి ఊరందరికీ చెప్పినవారు సిద్ధాంతిగారే.

ఆ కప్పు డబ్బే ఇప్పుడు ఆయన కంట పడింది.

మొదట పట్నం వెళ్ళి, కంప్యూటర్ల వర్తకుడు వరహాలరావును అడిగారు.

"మెమరీ చాలదండి," అన్నాడు వర్తకుడు కుర్చీలోంచి లేవకుండానే. "నాలుగింతలు వేద్దాం. గుర్రంలా పరిగెడుతుంది."

"యంత్రాన్ని చూడకుండానే చెప్పేస్తున్నావేమిటయ్యా?"

"మీరు మనిషిని చూడకుండా జాతకం చెప్పరూ? నేనూ అంతే!"

సిద్ధాంతిగారు ఆలోచించి చెబుతానని ఇంటికి వచ్చారు.

ఆ కంప్యూటరు వెనకాల, వేడి కోసం, తోక తెగిన బల్లి ఒకటి కాపురముంటోంది. తర్వాత దాన్ని అడిగారు.

"శకునాలు చెప్పేదానివి కదా, చెప్పు. మెమరీ వేయించనా, కప్పు నేయించనా?"

"మెమరీ వేయించండి స్వామీ, మెమరీ!" అంది బల్లి. "యంత్రం ఎంత పెద్దదైతే నాకంత వెచ్చన. ఆ కప్పు జోలికి మాత్రం పోకండి. పురుగులన్నీ ఆ కన్నాల్లోంచే వస్తాయి."

శకునం దివ్యంగా ఉందనుకున్నారు సిద్ధాంతిగారు. మనకు కావలసిన జవాబు చెప్పేవాళ్ళ స్వార్థం మన చెవికి ఎక్కదు. నా చెవికి ఇప్పటికీ ఎక్కదు.

ఆయన వంటింట్లోకి వెళ్ళి, గొంతు సవరించుకున్నారు.

"ఏమే, ఈ ఏటికి కప్పు మాట ఆపుదాం. ముందు మెమరీ."

కనకవల్లమ్మ రుబ్బురోలు దగ్గర్నుంచి తల ఎత్తలేదు. "అలాగే. వాన పడినప్పుడు మీ మెమరీ కింద పొయ్యి పెట్టుకుంటాను."

"అవేం మాటలే! జాతకాలు సాగకపోతే ఆ పొయ్యి మీదికి ఏం వస్తుంది?"

ఆ మాట నిజమే. ఆవిడ ఈసారి తల ఎత్తింది. "అయితే కొనేముందు నూకరత్నానికి ఒకసారి చూపించండి. అది విప్పి చూడకుండా దేన్నీ తిట్టదు."

నూకరత్నం ఆ ఊరి మరమ్మతుల మనిషి. రేడియోలు, మిక్సీలు బాగుచేస్తూ చేస్తూ కంప్యూటర్ల దాకా వచ్చింది. మెమరీ తనూ అమ్ముతుంది. ఆ నెలలో ఒక్కటీ అమ్ముడుపోలేదు కూడా.

వచ్చింది. విప్పింది. చూసింది. మళ్ళీ బిగించి, తెర వైపు వేలు చూపించింది.

"సిద్ధాంతిగారూ, ఇందులో ఎన్ని జాతకాలు తెరిచి ఉన్నాయో తెలుసాండీ?"

"తెలియకేం! మూడువందల పన్నెండు."

"తెలిసే ఉంచారా! పనయ్యాక మూయరా?"

సిద్ధాంతిగారు చెవులు మూసుకున్నారు. "శివశివా! బతికున్న మనిషి జాతకాన్ని మూయడమా? మూయాలంటే నొక్కాల్సిన గుర్తు చూశావా? ఎర్ర ఇంటూ! ఒక నిండు ప్రాణం మీద ఎర్ర ఇంటూ కొట్టమంటావా? అందుకే అన్నిటినీ మూయకుండా తెర అడుక్కి దింపి ఉంచుతాను. యంత్రాన్ని ఆపనైనా ఆపను. కరెంటు పోతే బ్యాటరీ ఉంది. ఇదిగో, రెండేళ్ళుగా ఒక్కటీ మూయలేదు."

"రెండేళ్ళ కిందట మూసేవారా?"

సిద్ధాంతిగారి గొంతు దిగింది. "బంగారయ్యగారిది చూసి మూశాను. మర్నాడు ఆయన పోయారు."

"ఆయనకు ఎన్నేళ్ళండీ?"

"తొంభై ఆరు."

నూకరత్నం నవ్వు ఆపుకోవడానికి, తుడిచిన స్క్రూడ్రైవరునే మళ్ళీ తుడిచింది.

"నవ్వొస్తే నవ్వమ్మా," అన్నారాయన. "ఆ పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, ఇంకో నాలుగేళ్ళుంటానా అని అడిగారు. ఉంటారన్నాను. అంటూనే మూసేశాను. అప్పట్నుంచి నా చెయ్యి ఆ గుర్తు దగ్గరికి పోదు."

నూకరత్నం ముఖంలో నవ్వు పోయింది. పీట లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"మెమరీ అంటే ఇలాంటి పీటేనండీ. పని జరిగేంతసేపూ కూర్చోవడానికి. దాచుకునే బీరువా యంత్రంలోనే వేరే ఉంది, అందులో కావలసినంత చోటుంది. మీరు మూడొందలమందినీ పీట మీదే కూర్చోబెట్టారు. పెద్ద పీట కొంటే ఇంకో మూడొందలమంది కూర్చుంటారు. ఆ తర్వాత ఇంకా పెద్ద పీట. అమ్మేదాన్ని నేను కాబట్టి నాకు పండగే. అయినా వద్దండి."

సిద్ధాంతిగారు ఆమె కూర్చున్న పీట వంక చూశారు.

"కాగితం మీద వేసిన రోజుల్లో, వేశాక ఏం చేసేవారు?"

"నాలుగు మూలలా పసుపు రాసి, గుండ్రంగా చుట్టి, దారం కట్టి పెట్టెలో పెట్టేవాళ్ళం."

"అలా చుట్టి పెట్టినవాళ్ళందరూ పోయారా?"

"పోవడమేమిటి! మా నాన్నగారు చుట్టి పెట్టినవాటిలో నాదీ..." అని ఆగిపోయారు. తన జాతకం అరవై నాలుగేళ్ళుగా చుట్టే ఉంది. తాను మాత్రం ఇక్కడే కూర్చుని ఉన్నారు.

ఆయన మౌసు మీద చెయ్యి వేశారు. "ఇందులో నాదీ ఉంది. ముందు అది మూస్తాను."

కనకవల్లమ్మ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "నా పసుపుకుంకాలతో పరాచికాలా? మీది వద్దు, నాది మూయండి!"

"నీదా? నా చేత్తోనా?"

"అయితే ఊళ్ళోవాళ్ళెవరిదైనా..." అనబోయి, ఆవిడే నాలుక కరుచుకుంది.

"చూశావా? మన భయం మన ఇంట్లోనే తేలాలి," అన్నారు సిద్ధాంతిగారు. ముందు తన జాతకాన్ని బీరువాలో భద్రపరిచి, తర్వాత ఎర్ర గుర్తు నొక్కారు.

సరిగ్గా అప్పుడే నూకరత్నం తుమ్మింది.

"ఇప్పుడా తుమ్మేది!"

"దుమ్మండీ! రెండేళ్ళ దుమ్ము!"

సిద్ధాంతిగారు కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, కదలకుండా కూర్చున్నారు. గోడ గడియారం పావుగంట నడిచింది.

"ఏమే, ఉన్నానా?"

"ఆకలేస్తోందా?"

"వేస్తోంది."

"అయితే ఉన్నారు," అని కనకవల్లమ్మ పమిటచెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆయన తన జాతకాన్ని మళ్ళీ తెరిచి చూశారు. గ్రహాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. శని కూడా అంగుళం జరగలేదు. ఇక వరసగా మిగతావి పట్టారు. ఒక్కొక్క పేరూ పైకి చదవడం, "చల్లగా ఉండు నాయనా" అనడం, రెండు అక్షింతలు వేయడం, మూయడం.

"అక్షింతలు పళ్ళెంలో వేయండి బాబూ," అంది నూకరత్నం. "కీబోర్డులో పడితే రేపు మళ్ళీ నేను రావాలి!"

సాయంత్రానికి మూడువందల పన్నెండూ బీరువా చేరాయి. యంత్రానికి వెనకటి రెప్పపాటు తిరిగొచ్చింది. "అన్నీ మూశాక కూడా మొరాయిస్తే చెప్పండి, అప్పుడు నిజంగానే చాలదన్నమాట. మెమరీ నేనే తెచ్చి వేస్తాను," అని నూకరత్నం వెళ్ళింది. వద్దన్న మనిషి దగ్గరే కొనాలని, ఆ ఊరివాళ్ళు అప్పట్నుంచి ఏది కొన్నా ముందు ఆమెనే అడిగేవారు.

కప్పు డబ్బు కప్పుకే వెళ్ళింది. కార్తె వచ్చిన రోజే వాన వచ్చింది. కనకవల్లమ్మ రెండు చేతులతోనూ వంట చేసింది.

పిల్లలూ, చోటు చాలడం లేదని ఇంకొంచెం చోటు కొనబోయే ముందు, ఉన్న చోటులో మనం దేన్ని వదల్లేకపోతున్నామో, ఎందుకు వదల్లేకపోతున్నామో ఒకసారి చూసుకోవాలి.