కొండపరుగుకు పోయిన గానుగెద్దు

ఇప్పచెట్ల అడవి అంచున ఎలుగుబంటి కామందుకు ఒక గానుగ ఉండేది. ఇప్పగింజల నూనె ఆడించేవాడు. ఆ గానుగను పన్నెండేళ్ళుగా పుల్లన్న అనే ఎద్దు లాగుతున్నాడు. కళ్ళకు గంతలు, మెడ మీద కాడి, కాళ్ళ కింద అదే మట్టి. ఆ నడకంతా తిన్నగా నడిచి ఉంటే ఏ సముద్రం ఒడ్డుకో చేరి ఉండేవాడు పాపం. చేరింది మాత్రం గానుగ దగ్గరికే.

తూర్పు కొండల మీంచి గాలి వీచిన రోజు పుల్లన్నకు తడిగడ్డి వాసన తగిలేది. ఆ గడ్డి ఈ అడవిది కాదు, కొండల అవతలిది. అది తగిలితే చాలు, మేత సయించేది కాదు. చచ్చేలోగా ఒక్కసారి అటు పోవాలి, ఇంకేమీ వద్దు అనుకునేవాడు.

ఆ ఏడు అడవికి పెద్ద అయిన కొండముచ్చు కొండపరుగు పందెం చాటించాడు. మూడు కొండలు, రెండు రోజుల పరుగు. గెలిచినవాడికి ఏడాదిపాటు అడవిలో ఎవరింట విందు జరిగినా మొదటి విస్తరి. గుంటప్ప అనే నక్క కన్ను ఆ విస్తరి మీద పడింది. కానీ కొండల మీద నీటిచుక్క దొరకదు, మోసుకుపోయే ఓపిక తనకు లేదు. నేరుగా గానుగ దగ్గరికి వచ్చాడు.

"పుల్లన్న మావా, పరుగుకు వస్తావా? నా నీళ్ళబుర్రలు, ఎండుచేపలు మోస్తే చాలు."

"ఆ దారి కొండల అవతలికి పోతుందా అల్లుడూ?"

"మూడో కొండ దాకా పోతుంది. చాలదూ?"

పుల్లన్న అక్కడికక్కడే ఆగి తల ఊపాడు. ఎలుగు కామందు మాత్రం ఒప్పుకోలేదు. "వీడు తిరిగి రాకపోతే నా గానుగ ఎవడు లాగుతాడ్రా, మీ తాతా?"

"నేను పూచీ కామందూ! రాకపోతే ఆ కాడి నా మెడ మీద వెయ్యి. అయినా పన్నెండేళ్ళు ఇక్కడే తిరిగిన కాళ్ళు, ఎటు పంపినా నీ దగ్గరికే వస్తాయి."

కామందు కడుపుబ్బ నవ్వి గంతలు విప్పాడు. పుల్లన్న నవ్వలేదు.

పరుగు మొదలైంది. మొదటి కొండ మీద కుందేలు ముళ్ళలో కాలు చీరుకుని కూలబడింది. రెండో కొండ మీద అడవిపంది దాహానికి తాళలేక వెనక్కి తిరిగింది. గుంటప్ప మాత్రం ఎత్తు వచ్చినప్పుడల్లా పుల్లన్న తోక పట్టుకుని వేలాడుతూ ఎక్కాడు.

"మెల్లిగా మావా, చేపముల్లు గొంతుకు అడ్డం పడుతోంది!"

"ఎక్కేటప్పుడు తినకు అల్లుడూ."

రెండో రోజు మధ్యాహ్నానికి మూడో కొండ మీదికి చేరారు. కాసేపటికి పుల్లన్న ఎడమ భుజం సలపడం మొదలెట్టింది. గానుగ తిరిగేటప్పుడు లోపలివైపు ఉండే భుజం అది. దారి కంటికి తిన్నగానే ఉంది, కానీ భుజానికి తెలిసిపోయింది.

"అల్లుడూ, ఈ దారి వంపు తిరుగుతోంది. ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికేమిటి మావా, మనం బయల్దేరిన బండ దగ్గరికే. పందెమంటే అంతేగా!"

పుల్లన్న నిలబడిపోయాడు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఇన్ని కొండలెక్కితే ఇదీ గానుగేనా? అప్పుడే తూర్పుగాలి వీచింది. ఆ తడిగడ్డి వాసన ఎంత దగ్గరగా ఉందంటే, నోట్లో నీళ్ళూరాయి.

ఇక గెలుపు తనదొక్కడిదే అని గుంటప్పకు లోలోపల పండగయింది. "కాళ్ళు పడిపోయాయా మావా? పాపం, నువ్వు నెమ్మదిగా రా." చివరి బుర్ర లాక్కుని గటగటా తాగేసి, వంపు దారిన దౌడు తీశాడు.

"పోయి రా అల్లుడూ," అన్నాడు పుల్లన్న. తరవాత దారి వదిలి, అవతలి వాలులోకి దిగాడు. రాళ్ళు జారాయి, మోకాళ్ళు చెక్కుకుపోయాయి. అయినా ఎడమ భుజం సలపడం మానేసింది. ఆ గడ్డి ఎలా ఉందో, ఎక్కడ ఆగాడో నాకు తెలియదు. తిరిగొచ్చి చెప్పినవాళ్ళు లేరు.

సాయంత్రానికి గుంటప్ప బండ దగ్గరికి చేరాడు. మెళ్ళో ఇప్పపూల దండ పడింది.

"ఎద్దేడిరా?" అన్నాడు ఎలుగు కామందు.

"వెనకాలే వస్తున్నాడు. వాడెక్కడికి పోతాడు?"

మర్నాడు పొద్దెక్కేదాకా చూశారు. ఎవరూ రాలేదు. పారిపోదామంటే గుంటప్ప కాళ్ళు వాచి కదల్లేదు. కామందు దండ తీసి, కాడి వేసి, కళ్ళకు గంతలు కట్టాడు.

"మరి నా మొదటి విస్తరి?" అని ఏడ్చాడు గుంటప్ప.

"గానుగ దగ్గరికే పంపిస్తాలే," అన్నాడు కొండముచ్చు పెద్ద.

ఒకడి మనసు ఎటు లాగుతోందో తెలియకుండా వాడి కాళ్ళకు పూచీ ఉండకూడదు.