కదలని బెండు

జోగయ్యగారికి ఒక అలవాటుంది. ఎవరైనా చిక్కు ప్రశ్న వేస్తే వెంటనే జవాబు చెప్పరు, ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ పని చేసుకొచ్చేసరికి సగంమంది అడిగిందే మరిచిపోతారు. మరిచిపోనివాళ్ళ కోసమే ఆయన కూర్చుని ఉంటారని శిష్యులు నవ్వుకుంటారు.

ఆ వేళ అడిగినవాడు గౌరునాయుడు. ఎన్నో ఏళ్ళుగా సాయంత్రమైతే చాలు, గురువుగారి అరుగెక్కి తత్వాలు పాడుకునే శిష్యుడు. వాడి భార్య పారమ్మ మొన్న పుట్టింటికి వెళ్ళిపోయి, ఇక రానని కబురు చేసింది. మర్నాడు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకెళ్ళి, వస్తావా రావా అని తేల్చుకోవాలని వాడి పంతం. పైకి పంతమే గాని లోపలంతా బెంగ. ఆ మనిషి లేని ఇంట్లోకి అడుగుపెట్టాలంటేనే వాడికి దిగులుగా ఉంది.

"ఒక్క మాటైనా సెప్పకుండా ఎలిపోనాది గురువుగారూ," అన్నాడు. "సెప్పని మనిషి మనసు ఎలాగ తెలుస్తాది?"

జోగయ్యగారు వాణ్ణి ఎగాదిగా చూసి, మధ్యాహ్నం డ్యాము దగ్గర గాలాలు వేద్దాం, సంతకెళ్ళి నీకు నచ్చిన బెండు కొనుక్కురమ్మన్నారు. గౌరునాయుడికి ఒళ్ళు మండింది. ఒకపక్క సంసారం కూలిపోతుంటే ఈయనకి చేపల సరదా ఏమిటా అనుకున్నాడు. అయినా గురువు మాట కాదనలేక బయల్దేరాడు.

గాలం వేసేవాడికి బెండే ఆధారం. నీళ్ళమీద తేలుతూ, లోపల చేప ఎరని ముట్టుకోగానే కదిలి ఆ సంగతి పైకి చెబుతుంది. సంతంతా వెతగ్గా ఒక మూల, గాలం సామాన్లు పరుచుకున్న గోనె మీద రకరకాల బెండ్లు కనిపించాయి. తేలికైన జీలుగు కర్రతో చేసినవి అగ్గిపుల్లలంత సన్నగా, వెలవెలబోతూ ఉన్నాయి. దగ్గర కూర్చుని చూస్తే తప్ప అవి నీళ్ళలో కంటికి ఆనవు. వాటిని పక్కకి తోసేసి, నెత్తిన చిన్న జెండా ఉన్న ఎర్ర ప్లాస్టిక్ బెండు ఏరుకున్నాడు. అది నిమ్మకాయంత ఉంది. గట్టుమీది టీకొట్టులో కూర్చున్నా కనబడుతుంది. నలుగురితో కబుర్లాడుకుంటూనే చేపలు పట్టొచ్చు. తన తెలివికి తనకే ముచ్చటేసి కాస్త హుషారు కూడా వచ్చింది.

డ్యాము దగ్గర ఇద్దరూ కొక్కేలకి తవుడు ముద్దలు గుచ్చి పక్కపక్కనే గాలాలు వేశారు. జోగయ్యగారిది ఎప్పటిదో జీలుగు బెండు. ఆయన గాలం పక్కనే చతికిలబడ్డారు. శిష్యుడు టీకొట్టుకి చేరి, పారమ్మ చేసిన అన్యాయాన్ని దొరికినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. వాళ్ళూ పాపం అన్నారు. మాటిమాటికీ నీళ్ళవైపు చూశాడు గాని జెండా నిలబడ్డది నిలబడ్డట్టే ఉంది. గురువుగారు మాత్రం ఉండుండి చేపని పైకి లాగుతున్నారు. పెద్దాయన అదృష్టమనుకున్నాడు.

పొద్దు వాలుతుంటే వచ్చి, నా గాలం వంక ఒక్క చేపా చూడలేదని గొణిగాడు. గురువుగారు లాగి చూడమన్నారు. కొక్కెం బోసిగా వచ్చింది. ముద్ద నీళ్ళకి కరిగిపోయిందన్నాడు వాడు. ఆయన ఎర్ర బెండు విప్పేసి, తన జీలుగు బెండు కట్టి, కొత్త ముద్ద గుచ్చి అక్కడే వేశారు. వాణ్ణి పక్కన కూర్చోమన్నారు.

కాసేపటికి బెండు సన్నగా వణికింది. ఆగింది. మళ్ళీ వణికింది.

"మజ్జానం నుంచీ సేపలు ఇలాగే సెప్తన్నాయిరా, నీ లావు బెండే కదల్లేదు," అన్నారు జోగయ్యగారు.

గౌరునాయుడు ఆ బెండునే చూస్తూ ఉండిపోయాడు. కొత్తలో పారమ్మ సాయంత్రాలు అన్నం తినేసి వెళ్ళమని బతిమాలేది. తర్వాత్తర్వాత వాడి కంచం మూతపెట్టి తను తినేసేది. ఈ మధ్య ఎప్పుడొస్తావని అడగడమే మానేసింది. గొడవ తీరింది, దానికి బుద్ధొచ్చిందని వాడు సంతోషించాడు. అరుగుమీద ఆ మాట చెప్పి అందర్నీ నవ్వించాడు కూడా. ఇప్పుడది తలుచుకుంటే సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా, ఆ మనిషిని ఒక్కసారి చూడాలనిపించింది.

ఆనాటి నవ్వులో గురువుగారూ కలిశారు. అది ఆయనకీ గుర్తొచ్చిందేమో, గడ్డం నిమురుకున్నారు.

పెద్దమనుషుల్ని రావద్దని చెప్పేస్తానన్నాడు గౌరునాయుడు. పొద్దున్నే తనొక్కడే వెళ్తానన్నాడు. అంతలోనే భయం పట్టుకుంది.

"ఎల్లి ఏటనాల గురువుగారూ?"

జోగయ్యగారు వాడి వీపుమీద చెయ్యి వేశారు.

"నువ్వేటీ అనకు నాయనా. ఆ పిల్ల దగ్గర కూకో."