రహస్యాల రిజిస్టరు

బుద్ధివారిపాలెం హైస్కూల్లో హెడ్మాస్టరు పరాంకుశంగారికీ, లెక్కల మాస్టారు మస్తానయ్యగారికీ ఒకటే గర్వం. పైనుంచి వచ్చిన కాగితాన్ని తమలా అక్షరం పొల్లుపోకుండా అమలుచేసేవాళ్ళు జిల్లాలోనే లేరని.

ఒకరోజు కాగితం వచ్చింది. "ఆన్‌లైన్లో పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదనీ, ముఖం కనపడనివ్వకూడదనీ పిల్లలకు నేర్పండి. నేర్పినట్టు రుజువు పంపండి."

"ఏది చెప్పకూడదో మనకే తెలియకపోతే, చెప్పలేదని రుజువెలా చేస్తామయ్యా?" అన్నారు పరాంకుశంగారు.

"అదీ తెలివంటే!" అన్నారు మస్తానయ్యగారు.

అంతే! రిజిస్టరు తెరిచారు. పిల్లలంతా వరసగా పేరు, ఫోను నంబరు, పాస్‌వర్డు రాశారు. పదో తరగతి హైమ ఒక్కతే కలం పట్టలేదు.

"నా గురుకుల కాలేజీ దరఖాస్తు ఆ పాస్‌వర్డుతోనే ఉంది సార్. శుక్రవారం ఆఖరు. ఎవరైనా కెలికితే సీటు పోతుంది."

"చెప్పొద్దనే కదమ్మా మేమూ అంటున్నాం!" అన్నారు పరాంకుశంగారు. "నోరు మూసుకుని రాయి. లేదంటే టీసీ మీద సంతకం పెట్టను."

రాసింది.

ఇక రుజువుకి ఫోటో. పిల్లల ముఖాలకి తువ్వాళ్ళు చుట్టారు. మరి ఎవరు ఎవరో తెలియాలిగా? రిజిస్టర్లో ఉన్నదంతా పలకల మీద రాయించి మెడలో వేలాడదీశారు. "నా గోప్యత నా హక్కు!" అని అరిపించి, ఫోటో తీసి, ఊరి గ్రూపులో పెట్టారు. ఇంకేముంది! గురువారం పొద్దున్నకల్లా హైమ దరఖాస్తుని ఎవరో రద్దు చేశారు.

ఏడుస్తూ వచ్చింది.

"నువ్వెవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"చూశావా మస్తానయ్యా, పాఠం ఎలా వంటబట్టిందో! రాసుకో."

హైమ కళ్ళు తుడుచుకుంది. తల్లిని తీసుకుని మండలానికి వెళ్ళి, కొత్త పాస్‌వర్డు పెట్టి, దరఖాస్తు మళ్ళీ పంపింది. శుక్రవారం రసీదు తెచ్చి చూపించింది.

"శభాష్! ఆ కొత్తది రిజిస్టర్లో ఎక్కించు."

"ఎక్కించను సార్."

"టీసీ మాట మర్చిపోయావా?"

"మా అమ్మ గుమ్మంలోనే కూర్చుంది సార్. మీరు సంతకం పెట్టేదాకా లేవదట."

పరాంకుశంగారు గుమ్మంవైపు చూశారు. సంతకం పెట్టేశారు. తర్వాత పైకి నివేదిక రాశారు: "నూట పన్నెండు మందికి గోప్యత వచ్చింది. రుజువుగా వాళ్ళ పాస్‌వర్డులు జతచేశాం. హైమ అనే మొండిపిల్లకి మాత్రం ఎంత నేర్పినా రాలేదు."

"సార్, పైవాళ్ళకి నూటికి నూరు కావాలి," అని గొణిగారు మస్తానయ్యగారు.

ఇంకేముంది! హెడ్మాస్టరు పరుగున వెళ్ళి పంచాయతీ మైకు అందుకున్నారు.

"ఊరి ప్రజలారా! హైమ కొత్త పాస్‌వర్డు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే వెంటనే బడికొచ్చి చెప్పండి. అది ఎవరికీ తెలియకూడదు!"