జమీందారుగారి ఆల్‌రైట్

ఒక జమీందారుగారికి వచ్చిన ఇంగ్లీషంతా 'ఆల్‌రైట్' ఒక్కటే. దండం పెట్టినవాడికీ అదే, తిట్లు తినేవాడికీ అదే.

ఆ వేసవిలో కుమ్మరివీధి బావి ఎండిపోయింది. ఆ వీధి పైడమ్మ దివాణానికి వెళ్ళి, "బాబుగారూ, మీ తోటబావిలో నీళ్ళు తోడుకోమంటారా?" అని అడిగింది.

"ఆల్‌రైట్!" అన్నారు జమీందారు.

మర్నాడు వీధి వీధంతా బిందెలతో వెళితే తోట గేటుకు తాళం! చంటిపిల్లల గొంతు తడపడానికి ఇంట్లో చుక్క లేదు. పైడమ్మ ఒళ్ళు మండి మళ్ళీ దివాణానికి వెళ్ళి, "నిన్న ఆల్‌రైట్ అన్నారు కదా బాబూ, గేటుకు తాళమేమిటి?" అంది.

జమీందారు నవ్వారు. "నీలాంటివాళ్ళతో ఆ మాటంటే పొమ్మని అర్థమే!"

"అలాగా బాబూ! మొన్న సంతలో కలెక్టరు దొరగారు 'ఎల్లుండి మీ ఇంటికి భోజనానికి వస్తా'నంటే తమరు ఈ మాటే అన్నారు. పొమ్మన్నారని తెలియక పాపం వచ్చేస్తున్నారు. అదిగో బండి. నేను ఎదురెళ్ళి చెప్పేస్తాను."

జమీందారు కుర్చీలోంచి దిగ్గున లేచారు. "ఆగవే! ఆ మాటకు సరే అని అర్థం!"

"దొరలకేనా బాబూ, మాక్కూడానా?"

బండి వాకిట్లో ఆగింది.

"అందరికీనే తల్లీ, అందరికీ!" అంటూ జమీందారు మొలలోని తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టారు.