సుంకన్న వేయని ముడి

అనగా అనగా, మీ తాతకు తాత ఇంకా పాలపళ్లతో ఉన్న రోజుల్లో, ఒక ఏటి రేవులో సుంకన్న అనే పుట్టివాడు ఉండేవాడు. జనాన్ని తోలుపుట్టిలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటించడమే అతని బతుకు.

సుంకన్నకో పిచ్చి. ఏరు పొంగి పుట్టి దిగని ప్రతి రోజూ ఒక తాడుకు ముడి వేసేవాడు. ఏడాదిలో ఏటికి ఎన్నాళ్లు కోపమొస్తుందో తెలుసుకోవాలని.

"లెక్కబెడితే కోపం తగ్గుతాదా మామా?" అని ఊరు నవ్వేది.

"తగ్గదు. తెలుస్తాది గదా!" అనేవాడు.

అవతలి గట్టున రాజుగారి ధర్మసభ. ఊరిపెద్దల తీర్పు నచ్చనివాళ్లు నలభై రోజుల్లోపు అక్కడ మొరపెట్టుకోవాలి. నలభై దాటిందా, నగారా మోగేది, తలుపు మూసుకునేది. మరి ముయ్యకపోతే ముత్తాతల తగాదాలు మునిమనవలు మోసుకురారూ?

ఆ ఏడాది ఊరిపెద్దలు ఈరమ్మ దోసతోటను ఆమె మరిదికి ఇచ్చేశారు. మొగుడు పోయిన మనిషి. ఆ తోటే ఆమె కూడు. పాపం, ఆమె సభకు చేరేసరికి నలభై ఎనిమిదో రోజు.

"ఎందుకు ఆలస్యం?" అన్నాడు ధర్మాధికారి.

"ఏరు, సామీ."

"నలభై రోజులూ ఏం చేశావు?"

"అవి మీ చట్టం నాకిచ్చిన దినాలు, సామీ. నలభయ్యో దినం పొద్దున్నే రేవులో ఉంటి."

"ఆ రోజు మొదలు ఎనిమిది రోజులు గట్టు మీదే ఉన్నావన్నమాట. రోజు రోజుకూ కారణం కావాలి. సాక్ష్యం ఎవరు?"

ఈరమ్మను ఏరు దాటించి గుమ్మం దగ్గర నిలబడ్డ సుంకన్న వచ్చి తన తాడు పరిచాడు. అధికారి ఆ ఏడాది ముళ్లు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. మూడోసారీ లెక్కపెట్టాడు. ఏడే!

"ఎనిమిదోది ఏది?"

పిలిస్తే రాని పుట్టివాడికి రేవు పోతుంది. అదీ చట్టమే. ఆ సంగతి తెలిసే ఈరమ్మ ఇందాకటి నుంచీ పుట్టివాడి మాట ఎత్తలేదు. ఇప్పుడూ సుంకన్నను చూసి కళ్లతోనే వద్దంది. అయినా అతను చెప్పేశాడు.

"ఆ మొదటి పొద్దు ఏరు బాగానే ఉండె, సామీ. నేనే లేను. పక్కూళ్లో తోలుబొమ్మలాట సూసొచ్చి, పొద్దుగూకేదాకా పుట్టి కింద నిద్ర పోతి. ఈయమ్మ ఎన్ని తూర్లు పిలిసిందో నా చెవినబడలే. తెల్లారేతలికి ఏరొచ్చె."

సభలోనే ఉన్న మరిది ఎగిరిపడ్డాడు. "అంతా అబద్ధం! ఆ ముళ్లు నిన్న వేసుంటాడు!"

అధికారి నవ్వాడు. "అబద్ధానికి ఏడు ముళ్లు వేసిన చేతికి ఎనిమిదోది బరువా? తన కూడు పోయే మాట చెప్పినవాణ్ణి నమ్మకపోతే ఇంకెవర్ని నమ్మాలి? ఏడు రోజులు ఏటి తప్పు. ఒక రోజు పుట్టివాడి తప్పు. ఈరమ్మ తప్పు ఏ రోజూ లేదు. తలుపు తియ్యండి."

మొర విన్నారు. తోట ఈరమ్మదే అయింది. సుంకన్నకు మాత్రం ఏడాదిపాటు రేవు పోయింది. ఆ ఏడాదంతా ఈరమ్మ తోటకు కాపలా కాసి కడుపు నింపుకున్నాడు. శిక్ష మరీ ఎక్కువని ఊరంతా అంది. సుంకన్న అనలేదు.

అతను పోయి ఎన్నేళ్లయిందో చెప్పేవాళ్లు లేరు. కానీ ఇప్పటికీ ఆ రేవులో ఏరు పొంగితే పుట్టివాళ్లు తాడుకు ముళ్లు వేస్తారు. మొదటి ముడికి ముందు, ఒక ముడి పట్టేంత చోటు వదిలేస్తారు. ఆలస్యంగా వచ్చినవాళ్లు సాకులు ఏకరువు పెడుతుంటే, ఆ ఊరి పెద్దవాళ్లు మధ్యలోనే ఆపి అడుగుతారు:

"ఏటి సంగతి సరే. నువ్వు నిద్రపోయిన పొద్దు ఏదో ముందు చెప్పు."